సోమవారం రాత్రి పది గంటలకు

1977 సెప్టెంబరు నుంచి 1982 సెప్టెంబరు వరకు, డెట్రాయిట్ శివారులోని మా ఇంట్లో వారానికి ఒక గంట సేపు ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. మొదట కొన్ని నెలలు మంగళవారం, ఆ తరువాత సోమవారం, రాత్రి పది గంటలకు ఛానల్ 2లో సీబీఎస్ వారి 'లూ గ్రాంట్' ధారావాహిక వచ్చేది. మర్నాడు ఉదయం ఆరున్నరకు పనిలో ఉండవలసిన వాడిని అయినా పదకొండు దాకా మేలుకునేవాడిని. అందులో లాస్ ఏంజెలెస్ నగరంలోని ఒక కల్పిత దినపత్రికకు సిటీ ఎడిటరుగా నటించిన ఎడ్ ఆస్నర్ గురించి నాలుగు మాటలు రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. ఆయన నటన గురించి రాయడం సులువు. ఆయన నటనకు బయట చేసిన పనుల గురించి రాయాలంటే మా నాన్నగారి గురించీ, నా గురించీ కూడా కొంత చెప్పవలసి వస్తుంది. ఇన్నాళ్లూ ఆలస్యం కావడానికి కారణం అదే.

మా నాన్నగారు విజయవాడలో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటరుగా ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశారు. సాయంత్రం ఆరు గంటలకు గవర్నరుపేటలోని ఆఫీసుకు వెళ్లి తెల్లవారుజామున రెండు గంటలకు సైకిలు మీద ఇంటికి వచ్చేవారు. ఆయన చొక్కా జేబు మీద ఎర్రసిరా మరక ఎప్పుడూ ఉండేది. పెద్ద గొంతు, పొట్టి మెడ, బట్టతల, పైకి ఎంత కోపమో లోపల అంత మెత్తదనం. 1975 ఆగస్టులో, దేశంలో ఎమర్జెన్సీ వచ్చిన రెండు నెలలకు, నేను అమెరికా వచ్చాను. వచ్చిన కొత్తలో ఒక శనివారం రాత్రి, నాతోపాటు గది పంచుకున్న మిత్రుడు టీవీ పెట్టగానే తెరమీద అచ్చం మా నాన్నగారిలాంటి మనిషి, టై వదులు చేసుకుని, చొక్కా చేతులు మడుచుకుని, న్యూస్‌రూములో అందరిమీదా కేకలు వేస్తూ కనిపించాడు.

అది 'మేరీ టైలర్ మూర్ షో'. 1970లో మొదలైన ఆ హాస్య ధారావాహికలో మినియాపొలిస్‌లోని ఒక చిన్న టీవీ స్టేషన్‌లో వార్తా విభాగానికి పెద్ద లూ గ్రాంట్. బల్ల సొరుగులో విస్కీ సీసా, నోట్లో మొరటు మాట, మనసులో మాత్రం తన కింద పనిచేసే వారిమీద అంతులేని ఆపేక్ష. ఆ ఆఫీసులో తక్కిన వారందరూ ఆయనను 'లూ' అని పిలుస్తుంటే కథానాయిక మేరీ ఒక్కతే 'మిస్టర్ గ్రాంట్' అని పిలిచేది. పై అధికారిని కూడా పేరు పెట్టి పిలవడానికి అప్పటికింకా నాలుక తిరగని నాకు, ఆ పిలుపు 'గ్రాంట్ గారూ' అన్నట్టే వినిపించి ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆ ధారావాహిక చివరి భాగం 1977 మార్చి 19న, శనివారం ప్రసారమైంది. స్టేషన్‌కు వచ్చిన కొత్త మేనేజరు వార్తా విభాగంలో పని తెలిసిన వారందరినీ తీసేసి, ఏమీ చేతకాని వార్తల చదువరి టెడ్ బాక్స్‌టర్‌ను మాత్రం ఉంచుకుంటాడు. ఉద్యోగాలు పోయిన వాళ్లందరూ ఒకరినొకరు గట్టిగా కౌగిలించుకుని, విడివడలేక, ఆ గుంపు గుంపుగానే కాగితపు రుమాళ్ల పెట్టె దగ్గరకు నడుచుకుంటూ వెళ్లిన దృశ్యం అమెరికాలో ఆ తరం వారెవరూ మరచిపోలేదు. నేను మరచిపోకపోవడానికి ఇంకో కారణం ఉంది. సరిగ్గా ఆ శని ఆదివారాలలోనే మన దేశంలో ఎన్నికలు ముగిసి, ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో ఓడిపోయారన్న వార్త వచ్చింది. ఆ వెంటనే ఎమర్జెన్సీ పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే వచ్చాయి. నాన్నగారు ఆ తరువాత రాసిన ఉత్తరంలో ఫలితాల గురించి పెద్దగా రాయలేదు. 'ఇక మా టేబులు మీద సెన్సారు ముద్ర ఉండదు' అని ఒక్క వాక్యం రాసి, దాని కింద గీత గీశారు.

హాస్య ధారావాహిక ముగిసిన ఆరు నెలలకు లూ గ్రాంట్ పాత్రను అలాగే ఎత్తి మరొక ధారావాహికలో పెట్టారు. ఇలాంటిది అంతకు ముందు ఎవరూ చేసినట్టు లేదు. అరగంట కామెడీలో, ప్రేక్షకుల నవ్వుల మధ్య ఏడేళ్లు బతికిన పాత్ర, నవ్వులు లేని గంట నాటకంలోకి వచ్చి నిలబడాలి. యాభై ఏళ్ల లూ గ్రాంట్ మినియాపొలిస్‌లో ఉద్యోగం పోగొట్టుకుని, పాత స్నేహితుడు చార్లీ హ్యూమ్‌ను వెతుక్కుంటూ లాస్ ఏంజెలెస్ వచ్చి 'ట్రిబ్యూన్' అనే పత్రికలో సిటీ ఎడిటరుగా చేరతాడు. పత్రిక యజమానురాలు మిసెస్ పించన్ ఎదుట నిలబడి ఆయన చేసే వాదనలు, రాసీ అనే కుర్ర విలేఖరి దూకుడుకు వేసే కళ్లేలు, బిల్లీ అనే విలేఖరి రాసిన వార్తలో ఒక్క వాక్యం కోసం పట్టే పట్టుదల, ఇవన్నీ నాకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. వియత్నాం నుంచి తిరిగొచ్చి ఉద్యోగాలు దొరకని సైనికులు, ముసలివారిని పట్టించుకోని ఆశ్రమాలు, అణుయుద్ధ భయం వంటి విషయాలు వారానికొకటి ఆ గంటలోకి వచ్చేవి. ఒకే పాత్రకు హాస్యంలోనూ, గంభీర నాటకంలోనూ అమెరికా టీవీ రంగపు ఎమ్మీ పురస్కారాలు అందుకున్న నటుడు ఆస్నర్. నటనకు ఆయనకు వచ్చిన ప్రైమ్‌టైమ్ ఎమ్మీలు మొత్తం ఏడు. పురుష నటులలో అన్ని మరెవరికీ రాలేదు.

1978లో మా అమ్మాయి పుట్టినప్పుడు అమ్మా నాన్నా వచ్చి నాలుగు నెలలు ఉన్నారు. ఆ వేసవిలో పాత భాగాలు మళ్లీ వేసేవారు. అమెరికా యాసలో ఇంగ్లీషు నాన్నగారికి సగమే అర్థమయ్యేది. కాని డెస్కు మీద జరిగే పని అర్థం కావడానికి ఆయనకు భాషతో అవసరం లేదు. లూ గ్రాంట్ కాపీ తీసుకుని పెన్సిలుతో కొట్టేస్తుంటే 'మొదటి పేరా ఎగరగొట్టాడు, మంచిపని చేశాడు' అనేవారు. మొదటి రోజుల్లో ఆ ధారావాహిక ప్రారంభంలో ఒక చిన్న దృశ్యమాల వచ్చేది. చెట్టు మీద పిట్ట కూస్తుంది, ఆ చెట్టును నరుకుతారు, అది కాగితమై, పత్రికై, పాఠకుడి ఇంటికి చేరి, చివరకు పంజరంలో పిట్ట కింద పరిచిన కాగితమవుతుంది. నాన్నగారు దాన్ని మొదటిసారి చూసి, 'మన దగ్గర బజ్జీల పొట్లం అవుతుందిరా. అయినా మర్నాడు మళ్లీ వెయ్యాలి కదా' అన్నారు.

ఆ వేసవిలోనే ఒక రాత్రి, కార్యక్రమం అయిపోయి అమ్మా, నా భార్యా నిద్రపోయాక, ఆయన ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్పారు. ఎమర్జెన్సీ రోజుల్లో ఒక పల్లెటూరి బడిపంతులును, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద, అర్ధరాత్రి పట్టుకుపోయారని, ఆ ఊరి విలేఖరి అయిదు వాక్యాల వార్త పంపాడు. దాన్ని సెన్సారు అధికారి కొట్టెయ్యలేదు. నాన్నగారు అసలు ఆ అధికారి దాకా పంపనే లేదు. 'ఎలాగూ కొట్టేస్తాడు కదా అనుకున్నాను. అది సాకు. నాకు భయం వేసింది. చెల్లెలి పెళ్లి ఉంది, నువ్వు వెళ్లడానికి చేసిన అప్పు ఉంది. వాడు కొట్టేస్తే అది వాడి తప్పయ్యేది. నేను కొట్టేశాను కనుక నాదయింది' అన్నారు. నేనేమి అనాలో తెలియక టీవీ కట్టేశాను.

ఆస్నర్ 1977 జనవరిలో ప్రసారమైన 'రూట్స్' ధారావాహికలో బానిసలను తరలించే ఓడకు కెప్టెనుగా నటించారు. డేవిస్ అనే ఆ కెప్టెను దైవభక్తుడు. చేస్తున్నది పాపమని అతనికి తెలుసు. తెలిసీ ఓడను నడిపిస్తూనే ఉంటాడు, రోజుకు కొంత చొప్పున తనలోని మనిషిని పోగొట్టుకుంటూ ఉంటాడు. ఆ పాత్రకు కూడా ఆయనకు ఎమ్మీ వచ్చింది. నాన్నగారు ఆ మాట చెప్పిన తరువాత నాకు చాలాసార్లు ఆ కెప్టెను ముఖం గుర్తుకొచ్చేది. దుర్మార్గుడిని నటించి చూపడం కంటే, తెలిసి ఊరుకున్న మంచివాడిని నటించి చూపడం కష్టమని నేను నమ్ముతాను.

ఆయన జీవితం గురించి నాకు క్రమంగా తెలిసింది. 1929 నవంబరు 15న మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో, తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన సనాతన యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రిది పాత సామాను కొని అమ్మే వ్యాపారం. హైస్కూలులో బడి పత్రికకు పనిచేసి, చికాగో విశ్వవిద్యాలయంలో పత్రికారచన చదవాలనుకుంటే, ఆ వృత్తిలో డబ్బు రాదని ఒక అధ్యాపకుడు చెప్పడంతో నాటకం వైపు తిరిగారు. చదువు పూర్తి కాలేదు. ఉక్కు మిల్లులో పనిచేశారు, టాక్సీ నడిపారు, జనరల్ మోటార్స్ అసెంబ్లీ లైను మీద నిలబడ్డారు, సైన్యంలో సిగ్నల్ కోర్‌లో చేరి ఐరోపాలోని శిబిరాలలో నాటకాలు ఆడారు. చికాగో, న్యూయార్క్ రంగస్థలాల మీద పేరు తెచ్చుకుని 1961లో హాలీవుడ్ చేరారు. లూ గ్రాంట్ పాత్ర దొరికేనాటికి ఆయన వయసు నలభై. కార్ల పరిశ్రమ మీద బతికే ఊళ్లో ఉన్న నాకు ఆ అసెంబ్లీ లైను సంగతి తెలిసినప్పుడు ఆయన మరింత దగ్గరివాడుగా తోచాడు.

1980 జులైలో హాలీవుడ్ నటుల సంఘం, స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్, సమ్మెకు దిగింది. వీడియో క్యాసెట్లు, డబ్బు కట్టి చూసే టీవీ ఛానళ్లు అప్పుడే వస్తున్నాయి. వాటిమీద వచ్చే ఆదాయంలో నటులకు వాటా ఉండాలన్నది వివాదం. సమ్మె మూడు నెలలు సాగింది. ఆస్నర్ అప్పటికి పెద్ద తార. ఇంట్లో కూర్చున్నా ఆయనకు లోటు లేదు. సంఘంలో అధిక సంఖ్యాకులు ఏడాదిలో సగం రోజులు పని లేనివారే. వారి కోసమని ఆయన సమ్మెలో ముందు నిలిచారు. ఆ సెప్టెంబరులో ఎమ్మీ సభను నటులు బహిష్కరించారు. నాటక విభాగంలో ఉత్తమ నటుడుగా ఆస్నర్ పేరు పిలిచినప్పుడు తీసుకోవడానికి ఆయన అక్కడ లేరు. మరుసటి సంవత్సరం, 1981లో, సంఘ సభ్యులు ఆయనను అధ్యక్షుడుగా ఎన్నుకున్నారు. రెండు దఫాలు, 1985 వరకు, ఆ పదవిలో ఉన్నారు.

ఆ కుర్చీలో అంతకు ముందు కూర్చున్న వారిలో రోనాల్డ్ రీగన్ ఒకరు. కార్మిక సంఘానికి అధ్యక్షుడుగా పనిచేసి దేశాధ్యక్షుడైన మొదటి వ్యక్తి ఆయనే. అదే రీగన్ 1981 ఆగస్టులో, సమ్మె చేసిన విమాన రాకపోకల నియంత్రణ ఉద్యోగులను పదకొండు వేల మందికి పైగా ఉద్యోగాల నుంచి తీసివేశారు. మా ఊళ్లో ఆటో కార్మిక సంఘం వారు ఆ వార్త విని రోజుల తరబడి రగిలిపోయారు. ఆస్నర్ ఆ ఉద్యోగుల పక్షాన బహిరంగంగా మాట్లాడారు. అప్పటి నుంచే శ్వేతభవనానికీ, నటుల సంఘ భవనానికీ మధ్య సఖ్యత చెడింది.

1982 ఫిబ్రవరి 15న జరిగినది మాత్రం ఆయన జీవితాన్ని మార్చివేసింది. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశంలో అంతర్యుద్ధం సాగుతోంది. పేదల పక్షాన మాట్లాడిన ఆర్చిబిషప్ రొమెరోను 1980 మార్చిలో, ప్రార్థన జరుపుతుండగా కాల్చి చంపారు. ఆ డిసెంబరులో నలుగురు అమెరికన్ క్రైస్తవ సేవికలను చంపారు. 1981 డిసెంబరులో ఎల్ మొసోతే అనే పల్లెలో సైన్యం వందలాది గ్రామీణులను, పసిపిల్లలతో సహా, హతమార్చిందని 1982 జనవరి చివర న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ పత్రికలు మొదటి పేజీలో రాశాయి. ఆ సైన్యానికి ఆయుధాలు, శిక్షణ ఇస్తున్నది అమెరికా ప్రభుత్వం. పత్రికల కథనాలను ప్రభుత్వం కొట్టిపారేసింది. పదేళ్ల తరువాత అక్కడి నేల తవ్వినప్పుడు ఎముకలు బయటపడి, ఆ విలేఖరులు రాసినది నిజమేనని తేలింది.

ఆ పరిస్థితిలో ఆస్నర్, మరికొందరు నటులు వాషింగ్టన్ వెళ్లి, విదేశాంగ శాఖ కార్యాలయం మెట్ల మీద నిలబడి, ఎల్ సాల్వడార్ ప్రజలకు వైద్య సహాయం కోసం 25,000 డాలర్ల చెక్కు ప్రకటించారు. పది లక్షల డాలర్లు సేకరించాలన్నది లక్ష్యం. మందులు తిరుగుబాటుదారుల అధీనంలో ఉన్న ప్రాంతాలకు వెళతాయి కనుక అది మామూలు దానం కాదని అందరికీ తెలుసు. విలేఖరులలో ఒకరు ఆయనను సూటిగా అడిగారు: అక్కడ స్వేచ్ఛగా ఎన్నికలు జరిగి, ప్రజలు కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ఎన్నుకుంటే మీరు ఒప్పుకుంటారా? ఆస్నర్ మొదట ఏదో సర్ది చెప్పి, అది తనకే నచ్చక, ఆ తరువాత అదే ప్రజలు కోరుకున్న ప్రభుత్వమైతే ఒప్పుకుంటానని చెప్పారు. పత్రికా సమావేశాలను తెరమీద వందసార్లు నడిపించిన మనిషికి ఆ జవాబు మర్నాడు ఏ శీర్షికతో వస్తుందో తెలియకుండా ఉంటుందా?

ఆ వారం నుంచే దాడి మొదలైంది. ఆయన కమ్యూనిస్టు అన్నారు, దేశద్రోహి అన్నారు. చంపుతామని బెదిరింపులు రావడంతో కాపలా పెట్టుకోవలసి వచ్చింది. సంఘ అధ్యక్ష పదవిని సొంత రాజకీయాలకు వాడుకుంటున్నారని, అంతకు ముందు ఆ పదవిలో ఉన్న చార్ల్‌టన్ హెస్టన్ బహిరంగంగా ధ్వజమెత్తారు. తాను పౌరుడుగా మాట్లాడాను తప్ప సంఘం తరఫున మాట్లాడలేదని ఆస్నర్ వివరణ ఇచ్చుకున్నారు. ఈ విషయంలో హెస్టన్ వాదనలో కొంత బలం ఉందని నేను ఒప్పుకుంటాను. పదవిలో ఉన్న మనిషి నోటి నుంచి వచ్చిన మాట ఎంత వద్దన్నా పదవి మాటగానే వినిపిస్తుంది. కాని పదవిలో ఉన్నంత కాలం మనిషి నోరు కుట్టుకోవాలన్న వాదన కూడా నాకు రుచించదు. కింబర్లీ-క్లార్క్ సంస్థ ఆ ధారావాహికకు ఇస్తున్న ప్రకటనలు మానుకుంది. ఆ సంస్థకు ఎల్ సాల్వడార్‌లో కర్మాగారం ఉంది. మరికొందరు ప్రకటనకర్తలూ తప్పుకున్నారు. మే నెలలో సీబీఎస్ 'లూ గ్రాంట్'ను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ప్రేక్షకుల సంఖ్య తగ్గిందని కారణం చెప్పింది. తగ్గిన మాట వాస్తవమే. అయితే అంతకంటే తక్కువమంది చూసిన కార్యక్రమాలు మరుసటి ఏడాదీ కొనసాగాయి. రాజకీయమే అసలు కారణమని ఆస్నర్ చివరిదాకా నమ్మారు, నేనూ నమ్ముతాను.

సరిగ్గా ఆ వసంతంలోనే నాన్నగారి ఉత్తరాలన్నీ మరొక నటుడి గురించి వస్తుండేవి. 1982 మార్చి 29న హైదరాబాదులో ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. నీలిరంగు ఏరోగ్రాములో అంచుల దాకా రాసేవారు నాన్నగారు. చైతన్యరథం ఏ ఊరు వెళ్లింది, జనం ఎంతసేపు ఎదురుచూశారు, ఆడవాళ్లు హారతులు ఎలా పట్టారు, అన్నీ. తెరమీద దేవుడుగా కనిపించిన మనిషికి జనం తొమ్మిది నెలల్లో రాష్ట్రాన్ని అప్పగించారు. ఇక్కడ తెరమీద నిజాయితీపరుడైన పత్రికా సంపాదకుడుగా కనిపించిన మనిషి, తెర బయట ఒక్క ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పినందుకు తెరనే పోగొట్టుకున్నాడు. ఇద్దరినీ నేను పోల్చడం లేదు. ఆ రెండు వార్తలూ ఒకే నెలలలో, ఒకే టపా పెట్టెలోంచి నా చేతికి వచ్చాయి, అంతే. ఆస్నర్ సంగతి నేను రాస్తే, నాన్నగారు జవాబులో కమ్యూనిస్టు ఉద్యమానికి అనుబంధమైన ప్రజానాట్యమండలిని తలచుకున్నారు. నిషేధం రోజుల్లో ఆ నటులు అజ్ఞాతంలోకి వెళ్లడం, జైళ్లపాలు కావడం, ఆ తరువాత బతుకుతెరువు కోసం మద్రాసు సినిమాలకు చేరడం ఆయన కళ్లారా చూసినవారు. ఆ ఉత్తరం చివర ఇలా రాశారు: 'టెలిప్రింటరు మీద నీ లూ గ్రాంట్ వార్త మూడు వాక్యాలు వచ్చింది. విదేశీ వార్తల్లో చోటు లేదన్నారు. నేను చోటు చేశాను.'

ధారావాహికను ఆపవద్దని దేశమంతటా ప్రేక్షకులు సీబీఎస్‌కు ఉత్తరాలు రాశారు, కార్యాలయాల ముందు ప్రదర్శనలు చేశారు. నేనూ ఒక ఉత్తరం రాశాను. మా నాన్నగారు పత్రికలో పనిచేస్తారని, ఒక నటుడు పౌరుడుగా మాట్లాడినందుకు శిక్షిస్తే మీ వార్తా విభాగానికే అవమానమని, ఒక పేజీ మీద నీటుగా రాశాను. అప్పటికి నాకు గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్లు కావస్తోంది. పౌరసత్వం దరఖాస్తు ఫారం బల్ల మీద ఉంది. కమ్యూనిస్టు పార్టీతో ఎప్పుడైనా సంబంధం ఉందా అన్న ప్రశ్న అందులో ఉంది. పనిలో నా మేలు కోరిన ఒక పెద్దమనిషి, 'ఈ నాలుగు నెలలూ ఎవరికీ ఏ ఉత్తరమూ రాయకు' అని సలహా ఇచ్చాడు. ఇంతలో జూన్ వచ్చింది. జపాను కార్ల మూలంగా తమ ఉద్యోగాలు పోతున్నాయన్న కోపంతో, హైలాండ్ పార్కు అనే పక్క ఊళ్లో విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి యువకుణ్ణి ఇద్దరు మనుషులు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. పెళ్లికి ముందు స్నేహితులతో సరదాగా బయటకు వెళ్లిన ఇరవై ఏడేళ్ల కుర్రవాడు. ఆ వేసవిలో మా వీధిలోని ఇద్దరు ముగ్గురు భారతీయులం చీకటి పడ్డాక బయటకు వెళ్లడం తగ్గించాం. ఉత్తరం బల్ల సొరుగులోనే ఉండిపోయింది.

చివరి భాగం సెప్టెంబరు 13న, సోమవారం వచ్చింది. వీడ్కోలు సన్నివేశమేమీ లేదు. వచ్చే వారం మళ్లీ వస్తారన్నట్టే ముగిసింది. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. 'తాతయ్య అయిపోయాడా?' అని అడిగింది. బట్టతల వల్ల దానికి ఆయన తాతయ్యే.

తరువాత చాలా ఏళ్లు ఆయనకు అంతకు ముందువంటి పాత్రలు రాలేదు. వచ్చినవన్నీ చేశారు, కార్టూన్లకు గొంతు ఇచ్చారు. మాట్లాడటం మాత్రం మానలేదు. మరణశిక్షకు వ్యతిరేకంగా, యుద్ధాలకు వ్యతిరేకంగా, ఆటిజం ఉన్న పిల్లల కోసం సభలలో నిలబడ్డారు. ఆయన చెప్పిన ప్రతి మాటనూ నేను సమర్థించలేదు. 2001 సెప్టెంబరు 11 దాడుల విషయంలో ప్రభుత్వం మీద వచ్చిన అనుమానాలకు ఆయన వంతపాడినప్పుడు నాకు బాధ కలిగింది. వార్తకు ఆధారం ఏదని అందరినీ నిలదీసిన లూ గ్రాంట్ ఆ కాపీని విలేఖరి ముఖాన విసిరికొట్టేవాడని అనుకున్నాను. అంతమాత్రాన 1982 నాటి మనిషి నా దృష్టిలో చిన్నవాడు కాలేదు. 2002లో అదే నటుల సంఘం ఆయనకు జీవితసాఫల్య పురస్కారం ఇచ్చింది.

2009లో మా మనవణ్ణి 'అప్' అనే బొమ్మల సినిమాకు తీసుకెళ్లాను. వేల బెలూన్లు కట్టి ఇంటినే గాలిలోకి లేపుకుపోయే డెబ్బై ఎనిమిదేళ్ల కార్ల్ అనే ముసలాయన మొదటి మాట మాట్లాడగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆ గొంతు కొంచెం జీర పోయింది, అంతే. నాన్నగారు పోయి అప్పటికి పదమూడేళ్లు. భార్య పోయిన ముసలాయన ఆమె కూర్చున్న ఖాళీ కుర్చీ వంక చూసే చోట నాకు కన్నీళ్లు ఆగలేదు. వాడు నా చెయ్యి పట్టుకుని సినిమా అయ్యేదాకా వదలలేదు.

2020 డిసెంబరులో, తొంభై ఒక్క ఏళ్ల వయసులో, ఆస్నర్ చేసిన పని చూసి మాత్రం ఆశ్చర్యపోలేదు. నటుల ఆరోగ్య బీమా నిబంధనలు మార్చి, అరవై అయిదు దాటిన వేలమందికి రక్షణ పోయేలా చేసినందుకు, ఆ పథకం ధర్మకర్తల మీద ఆయన మరికొందరు నటులతో కలిసి దావా వేశారు. తాను ఒకనాడు అధ్యక్షుడుగా ఉన్న సంఘానికి చెందిన పథకం మీదనే. అది 2023లో రాజీతో ముగిసింది. అప్పటికి ఆయన లేరు.

2021 ఆగస్టు 29, ఆదివారం. మా అమ్మాయి ఫోను చేసి, 'నాన్నా, లూ గ్రాంట్ తాతయ్య పోయారు' అంది. లాస్ ఏంజెలెస్‌లోని ఇంట్లో, తనవారి మధ్య పోయారని, పుట్టిన ఊరు కాన్సస్ సిటీలోనే ఖననం చేశారని తరువాత చదివాను. ఆ రాత్రి పౌరసత్వం కాగితాలు దాచిన అట్టపెట్టె దించి వెతికాను. ఫారం నకలు, ప్రమాణం చేసిన రోజు తీసిన ఫోటో, నాన్నగారి ఏరోగ్రాములు, వాటి మధ్య నాలుగుగా మడిచిన ఆ ఉత్తరం. ముప్ఫై తొమ్మిదేళ్లుగా, నేను ఉత్తరం రాసి పోస్టు చెయ్యలేదని అనుకుంటూ వచ్చాను, నా భార్యకూ అలాగే చెప్పాను. మడత విప్పి దీపం కింద పెట్టి చదివాను. చేతిరాత బాగానే ఉంది, తప్పులు కూడా లేవు. చివరి వాక్యం కింద, పేరు రాసి సంతకం పెట్టవలసిన చోట, కాగితం ఖాళీగా ఉంది.